గది అడుగవలసిన వేళ



గత సంవత్సరం జూన్ మాసంలో మా బడి ఆవరణలో కొత్త మేడ పూర్తయినది. నాలుగు గదులు, వెడల్పాటి మెట్లు, ఇంకా రంగు వాసన వదలని గోడలు. బడి తెరచిన రోజున మనుమరాలిని చేర్పించడానికి వచ్చిన ఒక అవ్వ ఆ మేడను కిందినుండి మీదిదాకా చూచి, వసారాలో చాప పరచుకొని కూర్చున్న మా తెలుగు తరగతిని చూచి, నన్ను అడిగినది: "సారూ, ఇంత మేడ కట్నారే, మా పిల్లోల్లకి తెలుగు చెప్పేదానికి ఒగ రూమన్నా లేదా?"

నా వద్ద సమాధానం లేదు. మరునాడు పని చూడవచ్చిన ఇంజనీరుగారిని అదే ప్రశ్న అడిగాను. ఆయన మర్యాదస్థుడు. సంచిలోనుండి కాగితాల కట్ట తీసి చూపి, "మాకు వచ్చిన కాగితంలో తెలుగు తరగతి అన్న మాటే లేదండీ. కాగితంలో ఉన్నది మేము కట్టినాము" అన్నారు. ఆ కాగితం రెండు సంవత్సరాల క్రితం మా బడినుండే వెళ్ళినది. ఒకే ఒక పుట. ఎన్ని తరగతులు, ఎందరు పిల్లలు, ఎన్ని గదులు కావలెను అన్న గడులున్నాయి. అది నింపిన రోజున ప్రధానోపాధ్యాయులవారు సిబ్బంది గదిలోకి వచ్చి, "ఎవరైనా ఏమైనా చేర్చవలసినది ఉన్నదా?" అని అడిగిన సంగతి నాకు బాగా జ్ఞాపకమున్నది. ఆ సమయంలో నేను త్రైమాసిక పరీక్ష పత్రాలు దిద్దుతున్నాను. తల ఎత్తలేదు.

ఎవరిమీదనో నేరం మోపడానికి ఈ సంగతి వ్రాయడం లేదు. తప్పు నాది. అయితే ఆ తప్పు నా ఒక్కడిది మాత్రమే కాదన్నది నా అనుమానం. అన్య రాష్ట్రాలలో తెలుగు చెప్పే మనమంతా భవనం లేచిన తరువాత బాధపడతాము, భవనం కాగితంమీద పుట్టే వేళ మౌనంగా ఉంటాము. ఈ జాడ్యానికి మందు వెదుకుతూ, మనకంటె పెద్ద సంస్థలు తమ భవనాలను ఎట్లా తలపెడతాయి, ఎవరి ఆమోదంతో కడతాయి అన్నది కొన్ని నెలలుగా తెలుసుకొంటూ వచ్చాను. విశ్వవిద్యాలయాల పద్ధతి మనకు పాఠంగా ఉపకరిస్తుందని తోచినది. అక్కడ ప్రతి మెట్టూ వ్రాతపూర్వకమైనది. వ్రాసి ఉన్నదానిని చదువవచ్చును, నేర్చుకొనవచ్చును.

మన దేశంలో ఒక విశ్వవిద్యాలయం భవనం కట్టదలచినప్పుడు జరిగే క్రమం స్థూలంగా ఇది. మొదట ఏ శాఖకు భవనం కావలెనో ఆ శాఖ తన అవసరాన్ని వ్రాసి ఇవ్వాలి. ఎందరు విద్యార్థులు, ఎందరు ఆచార్యులు, ఎన్ని తరగతి గదులు, గ్రంథాలయం కావలెనా, ప్రయోగశాల కావలెనా అన్న వివరం అందులో ఉంటుంది. దీనిని అవసర పత్రం అందాము. దాని ఆధారంగా వాస్తుశిల్పి తొలి ప్లాను గీస్తాడు. చదరపు మీటరుకు ఇంత అన్న లెక్కతో ఉజ్జాయింపు ఎస్టిమేటు తయారవుతుంది. ఆ రెండూ భవన సంఘం ముందుకు వస్తాయి. సాధారణంగా ఉపాధ్యక్షులవారు, అనగా వైస్ ఛాన్సలరుగారు, ఈ సంఘానికి అధ్యక్షులు. ప్రజాపనుల శాఖ ఇంజనీరు, విశ్వవిద్యాలయ ఇంజనీరు, ఆర్థికాధికారి మొదలైనవారు సభ్యులు. భవనాన్ని వాడుకోబోయే శాఖ ప్రతినిధికి కూడా అక్కడ ఒక కుర్చీ ఉంటుంది. ఈ కుర్చీని దయచేసి జ్ఞాపకముంచుకోండి. మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

భవన సంఘం సరే అన్న తరువాత ఆర్థిక సంఘం చూడాలి. ఆపైన కేంద్ర విశ్వవిద్యాలయమైతే కార్యనిర్వాహక మండలి, తమిళనాడు, కర్ణాటక రాష్ట్ర విశ్వవిద్యాలయాలలోనైతే సిండికేటు ఆమోదించాలి. సొమ్ము ఇచ్చేవారు వేరే అయితే వారి మంజూరు కూడా రావాలి. అప్పుడు వివరమైన నమూనాలు, వివరమైన ఎస్టిమేటు సిద్ధమై సాంకేతిక మంజూరు పొందుతాయి. ఆ తరువాతనే టెండరు, కాంట్రాక్టు, శంకుస్థాపన. కేంద్ర ప్రభుత్వపు 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళిలో 136వ నియమం ఈ సంగతిని స్పష్టంగా చెబుతున్నది. పరిపాలనామోదం, వ్యయ మంజూరు, వివరమైన నమూనా, ఎస్టిమేటు, నిధుల కేటాయింపు లేనిదే ఏ పనీ మొదలుపెట్టరాదు. వీటికి తోడు నగర పాలక సంస్థ అనుమతి, అగ్నిమాపక శాఖ అనుమతి, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం అందరికీ అందుబాటులో ఉండే దారులు, వాలుబాటలు కావాలి. ఇరువది వేల చదరపు మీటర్లు దాటిన నిర్మాణాలకు 2006 నాటి పర్యావరణ ప్రకటన ముందస్తు అనుమతి విధించినది. తరువాతి కాలంలో విద్యాసంస్థలకు మినహాయింపు నిచ్చారు. 2025 ఆగస్టులో సర్వోన్నత న్యాయస్థానం ఆ మినహాయింపును కొట్టివేసినది.

ఇంత చెప్పడం పాండిత్య ప్రదర్శన కొరకు కాదు. ఈ మెట్ల వరుసలో ఒక సంగతి గమనించండి. మొదటి మెట్టు మీద ఒక వాక్యం చేర్చడానికి ఖర్చు లేదు. ఒక కలం చాలు. ప్లాను గీచిన తరువాత అదే మాట చేర్చాలంటే ప్లాను మళ్ళీ గీయాలి. వ్యయం మంజూరైన తరువాత చేర్చాలంటే సవరించిన ఎస్టిమేటు వ్రాసి, మళ్ళీ అన్ని సంఘాల గడపలూ ఎక్కాలి. కాంట్రాక్టు కుదిరిన తరువాత చేర్చాలంటే అదనపు పని అన్న పేరుతో తగవులు, ఆడిట్ ఆక్షేపణలు. స్లాబు పడిన తరువాత మిగిలేది వసారా, చాప మాత్రమే. అడిగేవాడి గొంతు ఎంత పెద్దదన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ఏ మెట్టు మీద అడిగినాడన్నదే ముఖ్యం.

భాషా శాఖలు ఈ మెట్ల మీద ఎక్కడ జారిపడుతున్నాయో కూడా చూద్దాము. మొదటి కారణం లెక్క. స్థలం కేటాయింపు విద్యార్థుల సంఖ్యను బట్టి జరుగుతుంది. తన రాష్ట్రం వెలుపల నడిచే తెలుగు శాఖలో విద్యార్థులు తక్కువ. తక్కువమంది ఉన్నారు గనుక గది లేదు, గది లేదు గనుక కొత్తవారు చేరరు. విత్తు ముందా చెట్టు ముందా అన్న చందం. రెండవ కారణం మౌనం. వాడుకరి శాఖ ప్రతినిధికని కుర్చీ వేసి ఉంచినా అందులో కూర్చొని మాట్లాడేవారు ఉండాలి గదా. శాఖాధ్యక్ష పదవి ఖాళీగా ఉన్నప్పుడు, లేదా మరొక శాఖవారు అదనపు బాధ్యతగా చూస్తున్నప్పుడు ఆ కుర్చీ మాట్లాడదు. మూడవ కారణం సొమ్ము వచ్చే తీరు మారడం. ఒకప్పుడు కేంద్ర సంస్థలకు భవనాల సొమ్ము చాలవరకు గ్రాంటుగా వచ్చేది. 2017లో కేంద్ర ప్రభుత్వం, కెనరా బ్యాంకు కలిసి ఉన్నత విద్యా ఆర్థిక సంస్థను నెలకొల్పిన తరువాత పెద్ద నిర్మాణాలకు అప్పు పద్ధతి వచ్చినది. వడ్డీని ప్రభుత్వం భరిస్తుంది. అసలు తీర్చడంలో సంస్థకు కూడా వాటా ఉంటుంది. 2018లో ఆ వాటాను సంస్థ వయస్సును బట్టి తగ్గించి, పాత కేంద్ర విశ్వవిద్యాలయాలకు పదవ వంతుగా నిర్ణయించారు. అయినా అప్పు అప్పే. తీర్చవలసినవాడు రాబడి ఇచ్చే భవనం వైపే చూస్తాడు. యాజమాన్య విద్యకు, సాంకేతిక విద్యకు రుసుము ఎక్కువ. పద్యం చెప్పే శాఖకు రాబడి ఎక్కడిది? కట్టేవారి మనసులో ద్వేషం లేకపోయినా లెక్కల పద్ధతే భాషను వెనుక వరుసలో కూర్చోబెడుతున్నది.

ఇది మార్చరాని విధి అని నేను అనుకోను. భాష కొరకే విశ్వవిద్యాలయం కట్టిన చరిత్ర మన కళ్ళ ముందే ఉన్నది.

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడినది. దాని ఉద్దేశం ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్య. అక్కడ మొదట లేచినది రాతి కట్టడం కాదు. తరగతులు మొదలు కావడానికి ముందే, 1917లో, అనువాద కార్యాలయాన్ని నెలకొల్పి శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చే పని ప్రారంభించారు. తరగతులు 1919లో అద్దె ఇండ్లలో సాగాయి. సొంత భవనాల కొరకు 1930 ప్రాంతంలో నవాబ్ జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అన్న ఇద్దరిని దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూచి రమ్మని పంపారు. బెల్జియం దేశపు వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్‌ను రప్పించారు. ఆర్ట్స్ కళాశాలకు 1934లో శంకుస్థాపన జరిగి, 1939లో ప్రారంభోత్సవం జరిగినది. సంస్థ పుట్టినప్పటినుండి ఆ భవనం వచ్చేదాకా ఇరువది యేండ్లకు పైగా పట్టినదన్నమాట. ఏ ఇతర భాషవారికంటె తెలుగువారే ఎక్కువమంది ఉన్న రాజ్యంలో తెలుగు పిల్లలకు ఉర్దూ పరాయి మాధ్యమమే. ఆ అన్యాయాన్ని మరువనక్కరలేదు. కాని పని జరిగిన క్రమం మాత్రం అనుసరణీయం. ముందు భాష, తరువాత పుస్తకం, ఆ తరువాత మేడ.

ఆంధ్ర విశ్వవిద్యాలయం కథ ఒరిస్సా తెలుగువారికి మరింత దగ్గరిది. 1926లో బెజవాడ కేంద్రంగా మొదలై, ముఖ్యస్థానం ఎక్కడ ఉండవలెనన్న దీర్ఘ వివాదం అనంతరం 1930లో అది వాల్తేరుకు చేరినది. మొదటి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు. ఆ సంస్థను నిలబెట్టిన దాతలలో ప్రముఖులు జయపురం మహారాజు విక్రమదేవవర్మగారు. ఆయన ఏటా లక్ష రూపాయల చొప్పున విరాళమిచ్చారు. ఆ రోజులలో లక్ష ఎంతటి మొత్తమో చెప్పనక్కరలేదు. అక్కడి శాస్త్ర సాంకేతిక కళాశాల ఆయన పేరనే వెలసినది. 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు జయపురం అందులో చేరినది. ఇప్పుడు మనం అన్య రాష్ట్రం అంటున్న నేలనుండే ఆంధ్రుల విశ్వవిద్యాలయానికి ఇటుకలు వెళ్ళాయి. కొరాపుట్, జయపురం, బరంపురం తెలుగు తల్లిదండ్రులు ఈ సంగతి తమ పిల్లలకు చెప్పాలని నా విన్నపం. మనం చేయి చాచి అడిగే జాతి మాత్రమే కాదు. ఒకనాడు పెట్టిన చేయి కూడా మనదే.

ఇక నేటి ముచ్చట. తమిళానికి 2004లో, తెలుగు కన్నడాలకు 2008లో ప్రాచీన భాషా ప్రతిపత్తి లభించినది. తమిళ ప్రాచీన భాషా సంస్థ 2008నుండి చెన్నైలో అద్దె కట్టడంలో పనిచేసినది. తమిళనాడు ప్రభుత్వం పెరుంబాక్కంలో పదునేడు ఎకరాల స్థలం ఇచ్చినది. కేంద్ర ప్రభుత్వం ఇరువది నాలుగు కోట్ల పైచిలుకు వ్యయంతో భవనం కట్టించినది. 2022 జనవరిలో ప్రారంభమైనది. పదునాలుగు సంవత్సరాల పట్టుదల అది. ప్రభుత్వాలు మారినా అడిగేవారు మారలేదు. మన తెలుగు ప్రాచీన భాషా కేంద్రం మైసూరులోని భారతీయ భాషల కేంద్ర సంస్థ నీడలో చాలాకాలం ఉండి, 2020లో నెల్లూరు జిల్లా వెంకటాచలంలో కాలు మోపినది. తమిళ సోదరులను చూచి అసూయపడేవారు మనలో ఉన్నారు. నేను తమిళనాట ముప్పది యేండ్లుగా పాఠం చెబుతున్నాను. నాకు అసూయ లేదు, నేర్చుకోవాలన్న కోరిక ఉన్నది. వారు స్థలం సంపాదించారు, ఎస్టిమేటు వేయించారు, ఆమోదం పొందారు, వెంటపడి కట్టించారు. మనం మాత్రం ప్రతిపత్తి వచ్చిన రోజున సభ చేసి శాలువాలు కప్పుకొని ఇంటికి వెళ్ళాము.

ఆలస్యం కేవలం భాషా సంస్థల రాత కాదు. ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం 2014లో వాగ్దానం చేసిన సంస్థలను చూడండి. అనంతపురం కేంద్రీయ విశ్వవిద్యాలయానికి 2018 మే నెలలో కేంద్ర మంత్రివర్గం మొదటి దశకు 450 కోట్లు ఒప్పుకొన్నది. ఆ యేడే తాత్కాలిక ప్రాంగణంలో తరగతులు మొదలయ్యాయి. చట్ట సవరణ 2019లో వచ్చినది. ములుగులోని సమ్మక్క సారక్క గిరిజన విశ్వవిద్యాలయానికి చట్టం 2023 డిసెంబరులో గాని రాలేదు. దానికి ఒప్పుకొన్న మొత్తం 889 కోట్లు. చట్టంలో అచ్చయిన మాటకే తొమ్మిదేండ్లు పట్టినది. ఇక ఎవరూ వ్రాయని మాట సంగతి ఏమని చెప్పాలి!

ఇక్కడ ఇద్దరు మిత్రుల ఆక్షేపణలను ప్రస్తావించాలి. ఒకరు అన్నారు: "మన పెద్దలు రావిచెట్టు కింద, ఇసుకలో అక్షరాలు దిద్ది చదువుకొన్నారు. భాష గోడలలో ఉండదు, గురువు నోట ఉంటుంది." ఈ మాటలో సత్యమున్నది, కాదనను. కాని ఆనాడు ఊరి పిల్లలందరూ చెట్టు కిందనే కూర్చొన్నారు. ఈనాడు పక్క తరగతి పిల్లలు పంకా కింద బల్లల మీద కూర్చొని ఉండగా, తెలుగు పిల్లలు మాత్రం వసారాలో కూర్చొంటే వారికి మనం చెప్పకనే ఒక పాఠం చెబుతున్నాము. "నీ భాష మిగులు భాష" అన్నదే ఆ పాఠం. ఎంత మంచి గురువైనా ఆ పాఠాన్ని చెరిపివేయలేడు. వానకాలంలో జల్లు వసారాలోకి కొట్టినప్పుడు నా తరగతిని మూసివేస్తాను. మూసివేసిన గంటలన్నీ కూడితే సంవత్సరానికి ఎన్ని పాఠాలు పోతున్నాయో నా హాజరు పుస్తకం చెబుతుంది.

రెండవ మిత్రుడు అన్నారు: "విశ్వవిద్యాలయాలలో ఆచార్య పదవులు ఖాళీగా ఉంటే మేడలెందుకు? జీతాలకు ఇవ్వండి." ఇది మరింత బలమైన మాట. సింహద్వారాలు, పాలరాతి మెట్లు, ఎవరూ కూర్చోని సమావేశ మందిరాలు కట్టి, బోధించేవారిని తాత్కాలిక వేతనంతో నడిపించే పద్ధతిని నేను సమర్థించను. నా వాదం మేడల కొరకు కాదు, అవసర పత్రం కొరకు. నిజంగా శాఖను అడిగి వ్రాసిన అవసర పత్రంలో పాలరాయి ఉండదు. ఒక తరగతి గది, పుస్తకాల బీరువాకు తాళం, చెద పట్టని గోడ, అంతే ఉంటుంది. వాడేవారిని అడుగక కట్టినప్పుడే సొమ్ము సింహద్వారాలకు పోతుంది. అందువలన మిత్రుని ఆక్షేపణ కూడా చివరకు నా వాదాన్నే బలపరుస్తున్నది.

ఇప్పుడు మన బడులకు వద్దాము. రాజ్యాంగం 350-ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలని చెబుతున్నది. ఇది 1956లో చేరిన అధికరణం. అంతకుముందే, 1949లో, రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక కొలత పెట్టినది. తరగతిలో పదిమంది, లేదా బడి మొత్తంలో నలుబదిమంది పిల్లలు ఉంటే మాతృభాషలో చెప్పే ఉపాధ్యాయుని ఇవ్వాలి. పది-నలుబది సూత్రం అని మనలో చాలామందికి తెలిసినదే. ఎన్నో అర్జీలలో దీనిని ఉదాహరించాము. కాని ఈ సూత్రంలో గది మాట లేదు. ఉపాధ్యాయునికి లెక్క ఉన్నది, ఆయన నిలబడే చోటుకు లెక్క లేదు. ఇన్నాళ్ళు మనం వసారాలో నిలబడటానికి ఇది ఒక కారణం.

ఆ లోటును 2009 నాటి విద్యాహక్కు చట్టం పూరించినది. మనమే గమనించలేదు. ఆ చట్టపు అనుబంధంలో, అన్ని ఋతువులకు తట్టుకొనే భవనంలో ప్రతి ఉపాధ్యాయునికి కనీసం ఒక తరగతి గది ఉండాలని వ్రాసి ఉన్నది. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చదవండి. పిల్లలు పదిమంది ఉంటే ఉపాధ్యాయుడు. ఉపాధ్యాయుడు ఉంటే గది. ప్రాథమిక దశలో మన అర్జీకి ఇంతకంటె గట్టి ఆధారం అక్కరలేదు.

పైన జ్ఞాపకముంచుకొమ్మన్న కుర్చీ సంగతి ఇప్పుడు చెబుతాను. విశ్వవిద్యాలయ భవన సంఘంలో వాడుకరి శాఖకు ఉన్న కుర్చీ వంటిదే ప్రభుత్వ బడిలో మీకూ ఉన్నది. దాని పేరు బడి నిర్వహణ సంఘం. చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగంమంది స్త్రీలు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం ఆ సంఘం విధి. ఆ ప్రణాళికే మన అవసర పత్రం. మన తల్లులు ఆ సంఘంలో సభ్యులుగా ఉంటూ కూడా, చేవ్రాలు చేసి వచ్చేస్తున్నారు. ఏమి వ్రాసి ఉన్నదని అడగరు. అది రాష్ట్ర భాషలో వ్రాసి ఉంటుంది గనుక మనకెందుకులే అనుకొంటారు. చదివి చెప్పమని అడగండి. చదివి చెప్పవలసిన బాధ్యత మావంటి ఉపాధ్యాయులది.

కనుక నా సూచనలు ఇవి. ప్రతి తెలుగు ఉపాధ్యాయుడు ప్రతి యేడూ ఆగస్టులోగా తన పిల్లల సంఖ్యను తరగతివారీగా ఒక పుటలో వ్రాసి, ఎన్ని గదులు, ఎన్ని బల్లలు, ఎన్ని బీరువాలు కావలెనో కింద పేర్కొని, ప్రధానోపాధ్యాయులవారికి ఇచ్చి నకలు మీద తేదీతో సంతకం తీసుకోవాలి. భవనం మాట ఉన్నా లేకపోయినా ఇవ్వాలి. భవనం మాట వచ్చినప్పుడు వ్రాయబోతే అప్పటికే ఆలస్యమవుతుంది. తల్లిదండ్రులు నిర్వహణ సంఘంలో చేరాలి, ప్రణాళికలో తెలుగు తరగతి అన్న మాట అచ్చుగా ఉన్నదో లేదో చూడాలి. ప్లాను వచ్చినప్పుడు గదులమీద ఏ పేర్లు వ్రాశారో అడిగి తెలుసుకోవాలి. చెన్నై, బెంగుళూరు, మదురై వంటి నగరాలలో విశ్వవిద్యాలయాలకు దగ్గరగా ఉన్న తెలుగు సంఘాలవారు అక్కడి తెలుగు శాఖను ఏడాదికి ఒక్కసారైనా చూచి రావాలి. కొత్త భవనపు ఆలోచన సాగుతున్నదా, శాఖ తరఫున భవన సంఘంలో ఎవరు కూర్చొన్నారు అని అడగాలి. విద్యార్థులు తక్కువ అన్న మాట వినబడితే మన పిల్లలను అక్కడికి పంపడం మన చేతిలోని పని.

మరొక విన్నపం కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయానికి. మూడు రాష్ట్రాలు కలిసే చోట, వేయి ఎకరాలకు పైబడిన ప్రాంగణంలో, ద్రావిడ భాషలన్నిటి కొరకు 1997లో నెలకొన్న సంస్థ అది. మా సరిహద్దు తాలూకాలనుండి రెండు మూడు గంటల ప్రయాణం. అక్కడ తలపెట్టే తరువాతి కట్టడాల అవసర పత్రంలో, ఇరుగు పొరుగు రాష్ట్రాల తెలుగు బడిపంతుళ్ళ శిక్షణకు నాలుగు గదులు, వచ్చినవారు నాలుగు రోజులు ఉండడానికి ఒక చిన్న వసతిగృహం చేర్చవలెనని కోరుతున్నాను. ఇప్పటివరకు ఈ కోరికను మేము వ్రాతపూర్వకంగా ఇవ్వనే లేదు. ఇవ్వని కోరిక తీరలేదని నొచ్చుకోవడం న్యాయం కాదు. నాతోపాటు సంతకం చేయదలచిన ఉపాధ్యాయులు ఉంటే ఈ వేసవిలోగా ఆ అర్జీ పంపుదాము.

చివరగా, మా బడి సంగతి. ఆ అవ్వ ప్రశ్న తరువాత నేను ఊరిలో పదునొకండు ఇండ్లు తిరిగాను. ఇద్దరు తల్లులు నిర్వహణ సంఘంలో చేరారు. మొన్నటి సమావేశంలో అభివృద్ధి ప్రణాళిక చదివినప్పుడు వారిలో ఒకరు లేచి, "మా పిల్లోల్ల తెలుగు క్లాసు పేరు యాడుండాది?" అని అడిగారు. ఎక్కడా లేదు. ప్రధానోపాధ్యాయులవారు నవ్వి, కలం తీసి చేర్చారు. ఇప్పుడు మా బడి ప్రణాళికలో ఏడవ అంశంగా ఒక వాక్యమున్నది: తెలుగు తరగతికి ఒక గది. దానికి ఎస్టిమేటు లేదు, మంజూరు లేదు, ఇటుక లేదు. ఆ గది లేచేనాటికి నేను ఉద్యోగ విరమణ చేసి ఉండవచ్చును. అయినా ఆ వాక్యం క్రింద తేదీ వేసి సంతకం చేసినప్పుడు, రెండు సంవత్సరాల క్రితం ఎత్తని తలను ఇప్పుడు ఎత్తినట్లయినది.

ఈ సంవత్సరం వానలకు మాత్రం మా తరగతి వసారాలోనే. చాపలు తడవకుండా ఒక పరదా కొన్నాము.

స్వస్తి.